వికలాంగుల సేవలో విశ్వవిద్యాలయములు

2011వ సంవత్సరపు జనాభా లెక్కల ప్రకారము మన దేశమున 2 కోట్ల 68 లక్షల మంది వికలాంగులు కలరు. వీరిలో 1 కోటి 86 లక్షల మంది, అనగా నూటికి 69 మంది, గ్రామములలో నివసించుచున్నవారే. కనుక వికలాంగుల సమస్య పట్టణములలోని ఆసుపత్రులకో, శరణాలయములకో సంబంధించినదని తలచుట పొరపాటు. అది ప్రధానముగా గ్రామ సమస్య. వారికి ఉన్నత విద్య నొసగవలసిన విశ్వవిద్యాలయములు మాత్రము పట్టణములలో నున్నవి.

నడువలేని కుమారుని, చూపు లేని కుమార్తెను పదవ తరగతి వరకు చదివించిన తల్లిదండ్రులు మన గ్రామములలో ఎందరో కలరు. ఊరి బడికి అన్నయో, స్నేహితుడో సైకిలుపై కొనిపోవును. ఆపైన కళాశాలకు బస్సు ఎక్కించువారెవరు? పై అంతస్తులోని తరగతికి చేర్చువారెవరు? వసతి గృహమున మరుగుదొడ్డి ఎట్లుండునో? పాఠ్యపుస్తకము చదివి వినిపించువారెవరు? పరీక్షలో జవాబులు వ్రాసిపెట్టువారెవరు? ఈ ప్రశ్నలకు సమాధానము తోచక, "ఇంతవరకు చదివినది చాలును" అని పెద్దలు నిశ్చయించుకొందురు. తెలివియు ఉత్సాహమును గల ఒక జీవితము ఆనాటితో ఇంటి అరుగు మీదనే ఆగిపోవును.

ఈ ప్రశ్నలన్నియు న్యాయమైనవే. అయితే వీనికి సమాధానము చెప్పవలసిన భారము కుటుంబము మీద మాత్రమే లేదు. అది విశ్వవిద్యాలయముల బాధ్యత యని నేడు చట్టము స్పష్టముగా చెప్పుచున్నది. ఆ బాధ్యత ఏమిటో, అది ఎట్లు నెరవేరవలెనో, గ్రామస్థులు దానిని ఎట్లు వినియోగించుకొనవచ్చునో ఈ వ్యాసమున వివరింపదలచితిమి.

ఈ భావన ఎట్లు పుట్టినది?

వికలాంగులను చేర్చుకొనుటతో విశ్వవిద్యాలయము పని తీరదనియు, వారు చదువుటకు వలసిన ఏర్పాట్లు కూడ చేయవలెననియు గుర్తించిన తొలి ప్రయత్నములలో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయపు కార్యక్రమము ముఖ్యమైనది. రెండవ ప్రపంచ యుద్ధమున గాయపడి కాళ్ళు పడిపోయిన యువకులు చదువు కోరి వచ్చినపుడు, 1948లో ఆ విశ్వవిద్యాలయపు గేల్స్‌బర్గు శాఖలో టిమోతీ న్యూజెంట్ అను ఆచార్యుని ఆధ్వర్యమున ప్రయోగాత్మకముగా ఒక కార్యక్రమము ప్రారంభమైనది. మరుసటి సంవత్సరమే గేల్స్‌బర్గు శాఖ మూతపడినది. అయినను విద్యార్థులును న్యూజెంటును పట్టు విడువక, కార్యక్రమమును అర్బానాలోని ప్రధాన ఆవరణకు తరలింపజేసిరి. చక్రాల కుర్చీ ఎక్కుటకు వీలుగా కట్టడములకు వాలు దారులు నిర్మించుట, కుర్చీని పైకెత్తు యంత్రములు గల బస్సులను నడుపుట అచ్చట తొలినాళ్ళలోనే ఆచరణలోనికి వచ్చినవి.

కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయపు చరిత్ర మరింత బోధకమైనది. ఎడ్ రాబర్ట్స్ అను యువకుడు 1953లో తన పదునాలుగవ యేట పోలియో వ్యాధికి గురియై, మెడ నుండి క్రిందికి చలనము కోల్పోయెను. రాత్రివేళల శ్వాస కొరకు అతడు 'ఉక్కు ఊపిరితిత్తి' అని పిలువబడు పెద్ద యంత్రములో పరుండవలసి వచ్చెడిది. అతడు ఎన్నటికిని ఉద్యోగము చేయజాలడని నిర్ణయించి ఆ రాష్ట్రపు పునరావాస శాఖ తొలుత సహాయము నిరాకరించెను. అయినను అతడు పోరాడి సహాయము పొంది, 1962లో విశ్వవిద్యాలయమున చేరెను. వసతి గృహములు ఆ యంత్రమునకు అనువుగా లేకపోవుటచే, విశ్వవిద్యాలయపు ఆసుపత్రిలోనే అతనికి బస కల్పింపబడెను. క్రమముగా అతని వంటివారు మరికొందరు అచ్చట చేరిరి.

1970లో ఆ విద్యార్థుల చొరవతోనే విశ్వవిద్యాలయమున వికలాంగ విద్యార్థుల కార్యక్రమము ఏర్పడినది. సహాయకులను వెదకి యిచ్చుట, చక్రాల కుర్చీలను బాగుచేయుట, అనువైన ఇండ్లను చూపుట దాని పనులు. ఆ సహాయము ఊరిలోని ఇతర వికలాంగులకు కూడ అందవలెనను సంకల్పముతో 1972లో స్వతంత్ర జీవన కేంద్రము వెలసినది. అన్నిటికంటె విశేషమేమనగా, తనకు ఒకనాడు సహాయము నిరాకరించిన ఆ పునరావాస శాఖకే 1975లో రాబర్ట్స్ డైరెక్టరుగా నియమింపబడెను. ఏ పనికిని కొరగాడని తలచిన మనిషికి తగిన ఏర్పాటు దొరకినచో ఏమి సాధింపగలడో చెప్పుటకు ఇంతకంటె నిదర్శనము వలదు.

ఈ రెండును శరీర వైకల్యము గలవారికి సంబంధించిన ప్రయత్నములు. బుద్ధి వికాసమున వెనుకబడిన పిల్లల కొరకు మరియొక మార్గము తెరువబడినది. అధ్యక్షుడు కెనడీ సోదరి రోజ్‌మేరీ అట్టి వైకల్యము గలది. 1963 అక్టోబరు 31న కెనడీ సంతకము చేసిన శాసనము ప్రకారము, విశ్వవిద్యాలయములకు అనుబంధముగా ప్రత్యేక కేంద్రములను నిర్మించుటకు ప్రభుత్వ ధనము మంజూరైనది. వైద్యులు, ఉపాధ్యాయులు, మనస్తత్వ నిపుణులు, వ్యాయామ చికిత్సకులు ఒకే చోట కలిసి శిక్షణ పొందుట, కుటుంబములకు సేవలందించుట, పరిశోధన సాగించుట, తెలిసిన విషయమును ప్రజలకు చేరవేయుట అను నాలుగు పనులను ఈ కేంద్రములు కాలక్రమమున తమ లక్ష్యములుగా చేసికొన్నవి. విశ్వవిద్యాలయము తన గోడలలోపలి విద్యార్థికే గాక, గోడల వెలుపల ఉన్న బిడ్డకు కూడ బాధ్యత వహింపవలెనను భావము ఈ విధముగా స్థిరపడినది.

మన దేశమున చట్టము

మన దేశమున 1995లో వచ్చిన చట్టము ఏడు విధములైన వైకల్యములను గుర్తించి, ప్రభుత్వ విద్యాసంస్థలలోను, ప్రభుత్వ సహాయము పొందు సంస్థలలోను నూటికి 3 సీట్లు ప్రత్యేకించెను. ఐక్యరాజ్య సమితి 2006లో వికలాంగుల హక్కుల ఒడంబడికను ఆమోదింపగా, భారతదేశము 2007లో దానిని ధ్రువీకరించినది. అందుకు అనుగుణముగా పార్లమెంటు 2016లో నూతనముగా వికలాంగుల హక్కుల చట్టమును చేసెను. అది 2017 ఏప్రిల్ 19 నుండి అమలులోనికి వచ్చినది.

ఈ చట్టము 21 విధములైన వైకల్యములను గుర్తించినది. చూపు, వినికిడి, చలనములకు సంబంధించినవే గాక, మేధా వైకల్యము, ఆటిజము, మానసిక రుగ్మత, చదువుటలోను వ్రాయుటలోను కలుగు ప్రత్యేకమైన అభ్యసన లోపము, తలసేమియా, సికిల్ సెల్ వంటి రక్తవ్యాధులు కూడ ఇందులో చేరినవి. నూటికి 40 పాళ్ళు లేక అంతకు మించిన వైకల్యము గలదని ధ్రువపత్రము పొందిన పిల్లలకు 6 నుండి 18 సంవత్సరముల వయస్సు వరకు ఉచిత విద్య పొందు హక్కు కలదు. ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలలోను, ప్రభుత్వ సహాయము పొందు ఉన్నత విద్యాసంస్థలలోను వీరికి నూటికి 5 సీట్లకు తక్కువ గాకుండ ప్రత్యేకింపవలెను. ప్రవేశమునకు గరిష్ఠ వయః పరిమితిలో 5 సంవత్సరముల సడలింపు ఇయ్యవలెను. ప్రభుత్వోద్యోగములలో నూటికి 4 స్థానములకు తగ్గకుండ వీరికి కేటాయింపవలెను.

సీటును ప్రత్యేకించుట మొదటి మెట్టు మాత్రమే. ఇచ్చట ఒక ఉపమానము చెప్పవచ్చును. కాలువ నీటిలో ఆయకట్టు రైతులందరకును సమానమైన హక్కు కలదు. అయినను మెరక చేనికి నీరు తనంతట తాను ఎక్కదు. దానికి ఏతమో, మోటారో కావలెను. ఏతము వేసికొన్న రైతు ఇతరుల నీటిని దోచుకొనెనని ఎవరును అనరు. తన హక్కైన నీటిని తన చేనికి చేర్చుకొన్నాడు, అంతియే. వికలాంగ విద్యార్థికి విశ్వవిద్యాలయము చేయు ఏర్పాట్లు ఈ ఏతము వంటివి. చట్టమున దీనికి సముచితమైన సర్దుబాటు అని పేరు. దానిని నిరాకరించుట కూడ వివక్షయే యగునని చట్టము చెప్పుచున్నది.

ఆవరణలో జరుగవలసిన పనులు

మొదటిది దారి. మెట్లు మాత్రమే గల భవనము చక్రాల కుర్చీలో వచ్చు విద్యార్థికి మూసియున్న తలుపుతో సమానము. అందుచే తరగతులకు, గ్రంథాలయమునకు, కార్యాలయమునకు, భోజనశాలకు వాలు దారులు గాని లిఫ్టులు గాని ఉండవలెను. వాలు దారి కూడ లెక్క ప్రకారము కట్టవలెను. ఒక అడుగు ఎత్తునకు కనీసము 12 అడుగుల పొడవు ఉండినగాని కుర్చీ సుఖముగా ఎక్కదు, భద్రముగా దిగదు. నిట్టనిలువుగా కట్టిన వాలు దారి చూచువారిని తృప్తి పరచునే గాని, వాడువానికి అపాయకరము. మరుగుదొడ్డి తలుపు కుర్చీ పట్టునంత వెడల్పుగా ఉండవలెను. లోపల పట్టుకొనుటకు కమ్మీలు ఉండవలెను. ఈ ఒక్క వసతి లేక చదువు మానుకొన్న బాలికలు ఉన్నారనుట అందరెరిగినదే.

రెండవది పుస్తకము. చూపు లేని విద్యార్థికి బ్రెయిలీ లిపి ఒక సాధనము. నేడు కంప్యూటరు మరియొక సాధనమైనది. ముద్రిత గ్రంథమును స్కాను చేసి అక్షరములుగా మార్చినచో, తెరపై నున్నదానిని చదివి వినిపించు సాఫ్టువేరు దానిని బిగ్గరగా చదువును. ఇట్టి సాఫ్టువేరులలో కొన్ని ఉచితముగానే లభించుచున్నవి. 2012లో గ్రంథ స్వామ్య చట్టమునకు చేసిన సవరణ వలన, వికలాంగుల వినియోగము కొరకు పుస్తకమును ఈ విధముగా మార్చుట నేరము కాదు. ఇదే ఉద్దేశముతో 2013లో మర్రకేష్ నగరమున కుదిరిన అంతర్జాతీయ ఒప్పందమును ధ్రువీకరించిన దేశములలో భారతదేశమే మొదటిది. అది 2014లో జరిగినది. 2016లో సుగమ్య పుస్తకాలయ అను పేర ఇట్టి పుస్తకములను కంప్యూటరు ద్వారా అందించు గ్రంథాలయము ప్రారంభింపబడినది.

మూడవది తరగతి. వినికిడి లేని విద్యార్థి ఆచార్యుని పెదవులను చూచి గ్రహించుటకు ముందు వరుసలో కూర్చుండవలెను. ఆచార్యుడు నల్లబల్ల వైపు తిరిగి మాటలాడరాదు. సంజ్ఞా భాష తెలిసిన విద్యార్థికి అనువాదకుడు కావలెను. ఈ భాషను అభివృద్ధి చేయుటకు, అనువాదకులకు శిక్షణ నిచ్చుటకు 2015లో ఢిల్లీలో భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రము ఏర్పాటైనది.

నాలుగవది పరీక్ష. స్వయముగా వ్రాయజాలని విద్యార్థికి వ్రాసిపెట్టు లేఖకుని సహాయము, అదనపు కాలము ఉండవలెను. 2013లో కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన మార్గదర్శక సూత్రముల ప్రకారము గంటకు 20 నిమిషములకు తక్కువ గాకుండ అదనపు కాలము ఇయ్యవలెను. చేతి వ్రాతలో కండరములు బిగుసుకొనిపోవు రుగ్మత గల ఒక అభ్యర్థి విషయమున 2021 ఫిబ్రవరి 11న సుప్రీం కోర్టు ఒక ముఖ్యమైన తీర్పు చెప్పెను. వైకల్యము నూటికి 40 పాళ్ళు లేదను కారణముచే లేఖకుని నిరాకరింపరాదని, మనిషి అవసరమును చూడవలెనని ఆ తీర్పు సారాంశము. లేఖకుని గూర్చిన నిబంధనలు అప్పుడప్పుడు సవరింపబడుచుండును గనుక, పరీక్షకు దరఖాస్తు చేయునపుడే వీనిని విచారించుకొనుట మేలు.

ఈ పనులన్నియు ఎవరో ఒకరు కనిపెట్టి చూడనిదే జరుగవు. అందుకై విశ్వవిద్యాలయములలో సమాన అవకాశముల విభాగము పనిచేయవలెను. ఢిల్లీ విశ్వవిద్యాలయము 2006లోనే ఇట్టి విభాగమును నెలకొల్పెను. విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘము 2022లో ఉన్నత విద్యాసంస్థలన్నిటికిని వర్తించు సౌలభ్య ప్రమాణములను ప్రకటించినది. ఎట్టి కట్టడము, ఎట్టి బోధన, ఎట్టి పరీక్షా విధానము ఉండవలెనో అందులో చెప్పబడినది.

దినదినము ప్రయాణము చేయజాలనివారికి సార్వత్రిక విశ్వవిద్యాలయములు కూడ ఆధారము కాగలవు. 1982లో హైదరాబాదున స్థాపింపబడి, నేడు డాక్టర్ బి. ఆర్. అంబేద్కర్ పేర నడచుచున్న సార్వత్రిక విశ్వవిద్యాలయము దేశమున ఈ విధమైన వానిలో మొట్టమొదటిది. అయితే "నీకు ఇంటి వద్ద చదువే తగును" అని చెప్పి మామూలు కళాశాలలో సీటు నిరాకరించు హక్కు ఎవరికిని లేదు. ఎచ్చట చదువవలెనో ఎంచుకొనునది విద్యార్థియే.

విశ్వవిద్యాలయము నుండి గ్రామమునకు

అందరు వికలాంగులును పట్టము పుచ్చుకొనుటకే పోరు. మేధా వైకల్యము గల బిడ్డకు తన బట్ట తాను కట్టుకొనుట, తన అన్నము తాను తినుట, చిన్న పని నేర్చి నాలుగు రూకలు ఆర్జించుట గొప్ప విజయములు. అట్టి బిడ్డకు విశ్వవిద్యాలయముతో పని యేమని అడుగవచ్చును. ఆ బిడ్డకు నేర్పు ఉపాధ్యాయుడు, మాట నేర్పు నిపుణుడు, తల్లికి ధైర్యము చెప్పు సలహాదారుడు విశ్వవిద్యాలయములలోను, తత్సమానమైన సంస్థలలోనుగదా తయారు కావలెను! సికింద్రాబాదులో 1984లో స్థాపింపబడిన జాతీయ సంస్థ ఈ రంగమున చిరకాలముగా పనిచేయుచున్నది. మేధా వైకల్యము గలవారి సాధికారత కొరకు నడచు ఈ సంస్థ ప్రత్యేక ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చుటయే గాక, పిల్లలను పరీక్షించి తల్లిదండ్రులకు మార్గము చూపుచున్నది. ఈ విధమైన శిక్షణల ప్రమాణములను 1992 చట్టము క్రింద ఏర్పడిన భారత పునరావాస మండలి నిర్ణయించును. హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయమున వికలాంగుల హక్కుల అధ్యయనమునకు ప్రత్యేక కేంద్రము కలదు.

2016 చట్టములోని 47వ సెక్షనును గ్రామస్థులు ముఖ్యముగా గమనింపవలెను. విశ్వవిద్యాలయములన్నియు వైకల్య విషయమున బోధనను, పరిశోధనను ప్రోత్సహింపవలెనని, అందుకు అధ్యయన కేంద్రములను నెలకొల్పవలెనని ఆ సెక్షను ఆదేశించుచున్నది. అంతేగాక ఉపాధ్యాయులు, వైద్యులు, నర్సులు, ఇంజనీర్లు మొదలైనవారి చదువులో వైకల్యమును గూర్చిన పాఠము ఒక భాగము కావలెనని, ఆశా కార్యకర్తలకు, అంగన్‌వాడీ కార్యకర్తలకు, పంచాయతీ సభ్యులకు సైతము ఈ విషయమున శిక్షణ నియ్యవలెనని చెప్పుచున్నది. పసిబిడ్డ పిలిచిన పలుకనిచో, ఏడాది దాటినను నిలువలేనిచో మొదట గమనింపగలది అంగన్‌వాడీ కార్యకర్తయే. ఆమె సకాలమున గుర్తించి పంపినచో, ఆ బిడ్డ బడికిని ఆపైన కళాశాలకును పోవు దారి అప్పుడే తెరువబడును.

చట్టమునకును ఆచరణకును నడుమ ఇంకను ఎడము కలదనుట దాచవలసిన విషయము కాదు. పాత కట్టడములు అనేకము మెట్లతోనే నిలిచియున్నవి. చట్టములోని సీట్ల నియమము సక్రమముగా పాటింపబడుట లేదను ఫిర్యాదుపై 2017 డిసెంబరు 15న సుప్రీం కోర్టు ఉత్తరువు చేయవలసి వచ్చినది. ప్రతి సంస్థలోను అధ్యాపకులు, సిబ్బంది, విద్యార్థులు, తల్లిదండ్రులతో కూడిన సంఘము వికలాంగ విద్యార్థుల అవసరములను చూచుకొనుటను గూర్చి విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘము ఆలోచింపవలెనని ఆనాడు కోర్టు సూచించెను. అడుగువారు లేనిచోట ఏర్పాట్లు ఆలస్యమగును. గ్రామము నుండి ప్రతి సంవత్సరము ఒక్క విద్యార్థి పోయి అడిగినను, ఆ అడుగుట తరువాత వచ్చువారికి కూడ దారి యగును.

తల్లిదండ్రులు చేయవలసినది

మొదట వైకల్య ధ్రువపత్రమును పొందవలెను. మన ప్రాంతములలో సదరం శిబిరముల పేర ప్రజలెరిగిన పరీక్షలు ఇందు కొరకైనవే. దేశమంతటను చెల్లు యు.డి.ఐ.డి. కార్డును కూడ తీసికొనవలెను. ఇంటర్మీడియెట్ పూర్తియగుచుండగనే ఈ పత్రములు చేతిలో ఉండుట అవసరము. ప్రవేశ దరఖాస్తులో వికలాంగుల కోటా అని గుర్తు పెట్టుట మరువరాదు. సీటు వచ్చిన పిదప, తరగతులు ప్రారంభము కాక పూర్వమే సంస్థకు వెళ్ళి, తమ బిడ్డకు వలసిన ఏర్పాట్లను వివరించి వ్రాతపూర్వకముగా కోరవలెను. క్రింది అంతస్తులో గది, అనువైన మరుగుదొడ్డి, చదివి వినిపించు కంప్యూటరు, లేఖకుడు, ఇట్లు ఏది కావలెనో విడివిడిగా వ్రాయవలెను. మాటతో అడిగినది మరువబడవచ్చును. కాగితము మీద అడిగినదానికి జవాబు చెప్పవలసి యుండును.

ప్రతి ప్రభుత్వ సంస్థలోను ఫిర్యాదులను విచారించు అధికారి ఉండవలెనని చట్టము చెప్పుచున్నది. అతని వద్ద న్యాయము జరుగనిచో, రాష్ట్రమున వికలాంగుల కమిషనరునకు అర్జీ పెట్టుకొనవచ్చును.

గ్రామ పెద్దలు చేయదగిన పనులును కొన్ని కలవు. పంచాయతీ కార్యాలయమునకు, బడికి, గ్రంథాలయమునకు పైన చెప్పిన కొలత ప్రకారము వాలు దారి కట్టించుట పెద్ద ఖర్చు కాదు. ముసలివారికి, గర్భిణులకు, బస్తా మోయువానికి కూడ అది ఉపకరించును. ఊరిలో చదువు మానిన వికలాంగ బాలబాలికలు ఎందరున్నారో లెక్క తీసి, వారి తల్లిదండ్రులతో మాటలాడుట మరియొక పని. పట్టణమున చదువుకొనుచున్న మన ఊరి విద్యార్థులు సెలవులకు వచ్చినపుడు, ఏ కళాశాలలో ఏ వసతి కలదో వారిని అడిగి తెలిసికొనవచ్చును.

మెరక చేను గొడ్డు చేను కాదని రైతు ఎరుగును. నీరు చేరినచో అదియు పంట నిచ్చును. ఈ వేసవిలో పరీక్షా ఫలితములు వెలువడునపుడు, ఉత్తీర్ణులైన వికలాంగ బాలబాలికలు ప్రతి గ్రామమునను కనిపింతురు. "ఇంతవరకు చదివినది చాలును" అను మాట ఆ ఇంట వినిపింపక పూర్వమే, అయిదు సీట్ల హక్కును, ఏర్పాట్ల హక్కును గూర్చి వారికి తెలియజెప్పవలసినదిగా పాఠకులను కోరుచున్నాము.